పోటీని కొలవాలంటే ఏ పద్ధతి? మార్కెట్, ప్రకృతి, చట్టం మీద పనిచేసే పరిశోధకులకు ఒక పోలిక

పోటీ మీద పరిశోధన మొదలుపెట్టే చాలామంది ముందు డేటా వెతుక్కుంటారు, తర్వాత దానికి సరిపడే ప్రశ్న తయారుచేసుకుంటారు. ఈ వరస తిరగేసుకోవాలి. సంస్థల మధ్య పోటీ అయినా, మొక్కల మధ్య పోటీ అయినా అడగదగ్గ ప్రశ్నలు ప్రధానంగా మూడే. పోటీదారులు ఎంతమంది, ఎంత పెద్దవాళ్లు? వాళ్లలో ఒకరిని తీసేస్తే మిగిలినవాళ్ల స్థితి ఎంత మారుతుంది? ఇంకా జరగని మార్పు, అంటే ఒక విలీనమో కొత్త జాతి రాకో, జరిగితే ఏమవుతుంది? మొదటిదానికి సూచిక చాలు. రెండోదానికి ప్రయోగమో, ప్రయోగంలా పనికొచ్చే సంఘటనో కావాలి. మూడోదానికి మోడల్ తప్పదు. మొదటి ప్రశ్నకు పనికొచ్చే కొలత పట్టుకుని రెండో ప్రశ్నకు జవాబు చెప్పడం అర్థశాస్త్రంలోనూ జీవావరణ శాస్త్రంలోనూ కనిపించే పాత జబ్బు. కింద పద్ధతులను పోల్చిందంతా ఈ దృష్టితోనే.

సూచికలు: లెక్క తేలిక, హారం కష్టం

హెర్ఫిండాల్–హిర్ష్‌మన్ సూచిక, పొట్టిగా హెచ్‌హెచ్‌ఐ, కాగితం మీద ఒక్క నిమిషం పని. ప్రతి సంస్థ వాటా శాతాన్ని వర్గం చేసి కూడితే సరి. ఒకే సంస్థ ఉంటే 10,000. నాలుగు సంస్థల వాటాలు 40, 25, 20, 15 అనుకుంటే 1600 + 625 + 400 + 225 = 2850. చివరి రెండూ కలిసిపోతే పెరుగుదల 2 × 20 × 15 = 600, కొత్త మొత్తం 3450. అమెరికా 2023 విలీన మార్గదర్శకాల ప్రకారం, విలీనం తర్వాత సూచిక 1800 దాటి, పెరుగుదల 100 మించితే ఆ విలీనం పోటీకి హాని చేస్తుందనే భావనతోనే పరిశీలన మొదలవుతుంది. 2010 మార్గదర్శకాల్లో ఆ గీతలు 2500, 200. యూరోపియన్ కమిషన్ లెక్క వేరు. 1000 లోపు ఉంటే మామూలుగా పట్టించుకోదు. 1000–2000 మధ్య 250 లోపు పెరుగుదలనూ, 2000 పైన 150 లోపు పెరుగుదలనూ సాధారణంగా వదిలేస్తుంది. అందుకే ‘అధిక కేంద్రీకరణ’ అని రాసేటప్పుడు ఎవరి గీత, ఏ సంవత్సరం గీత అన్నది పక్కనే రాయాలి.

అసలు తంటా హారంతో. పై ఉదాహరణలోని సరుకుకు ప్రత్యామ్నాయంగా అంతే అమ్మకాలున్న మరో సరుకు ఉందని, దాన్ని పది చిన్న సంస్థలు సమానంగా అమ్ముతున్నాయని అనుకుందాం. రెండింటినీ ఒకే మార్కెట్‌గా చూస్తే పాత వాటాలు సగమవుతాయి, కొత్తవాళ్లకు తలా 5 శాతం. సూచిక 2850 నుంచి 962.5కు పడిపోతుంది, విలీనం వల్ల పెరుగుదల 600 కాదు, 150. అవే సంస్థలు, అదే ఒప్పందం, తీర్పు మాత్రం తలకిందులు. హద్దు ఎక్కడ గీయాలో తేల్చడానికి వాడే పరీక్ష ఇది: ఆ సరుకులన్నీ ఒకే యజమాని చేతిలో ఉన్నాయనుకుని ధర 5–10 శాతం పెంచితే అతనికి లాభమా? లాభమైతే హద్దు అక్కడే, కాకపోతే ఇంకో ప్రత్యామ్నాయాన్ని కలుపుకుని మళ్లీ అడగాలి. ఇందులో ఒక గుంట ఉంది. ఇప్పటికే గుత్తాధిపత్యం నడుస్తున్న చోట ధర ఎక్కువగానే ఉంటుంది కాబట్టి, ఇంకాస్త పెంచితే కొనేవాళ్లు దూరపు ప్రత్యామ్నాయాలకు కూడా పారిపోతారు. దాంతో మార్కెట్ నిజానికున్నదానికన్నా వెడల్పుగా కనిపిస్తుంది. 1956లో డూపాంట్ సెల్లోఫేన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుకు ఇదే విమర్శ వచ్చింది. ఆధిపత్య దుర్వినియోగం మీద పనిచేసేవాళ్లు ఈ పరీక్షను ఇప్పటి ధరతో కాకుండా పోటీ ఉంటే ఉండాల్సిన ధరతో మొదలుపెట్టాలి. విలీనాల మీద పనిచేసేవాళ్లకు మామూలుగా ఇప్పటి ధరే చాలు.

హద్దు సరిగ్గా గీసినా సూచిక కారణం చెప్పదు. 1951లో జో బెయిన్ కేంద్రీకరణ ఎక్కువున్న పరిశ్రమల్లో లాభాల రేటు ఎక్కువని చూపించాడు. 1973లో హెరాల్డ్ డెమ్‌సెట్జ్ అదే చిత్రాన్ని తిరగేసి చదివాడు: ఖర్చు తక్కువతో బాగా పనిచేసే సంస్థ పెద్దదవుతుంది, లాభమూ దానికే ఎక్కువ వస్తుంది. వాటాలూ లాభాలూ మాత్రమే ఉన్న డేటాలో ఈ రెండు కథలనూ విడదీయలేం. హెచ్‌హెచ్‌ఐని కుడివైపు, అంటే కారణం స్థానంలో పెట్టి ధర మీద రిగ్రెషన్ నడిపే పత్రం ఇప్పటికీ ఈ అడ్డంకి దగ్గరే ఆగుతుంది. నేపథ్య వర్ణనకు సూచిక వాడండి, ప్రధాన ఫలితంగా వద్దు.

ధరలు దొరకవు, ఊరికి ఎన్ని సంస్థలున్నాయన్నది మాత్రమే తెలుసు అంటే ఒక మంచి దారి ఉంది. బ్రెస్నహాన్, రైస్ 1991లో అమెరికాలో విడివిడిగా దూరంగా ఉన్న 202 చిన్న మార్కెట్లలో డాక్టర్లు, దంతవైద్యులు, మందుల దుకాణాలు, ప్లంబర్లు, టైర్ల వ్యాపారుల సంఖ్యను జనాభాతో కలిపి చూశారు. మొదటి సంస్థ నిలబడటానికి 1000 మంది కావాలనుకుందాం. రెండోది రావడానికి 2000 సరిపోతే పోటీ వల్ల లాభం తగ్గలేదన్నమాట. 3000 కావాల్సివస్తే ఒక్కో సంస్థకు 1500, అంటే లాభపు మార్జిన్ కోసుకుపోయింది. ఈ జనాభా సంఖ్యలే ప్రవేశ గడపలు. వాళ్లకు తేలింది: పోటీ ప్రభావంలో ఎక్కువ భాగం రెండో మూడో సంస్థ రాకతోనే వచ్చేస్తుంది, మూడు నుంచి ఐదు సంస్థలున్నచోట ఇంకొకటి చేరితే పెద్ద తేడా ఉండదు. ఈ పద్ధతికి మార్కెట్లు నిజంగా విడివిడిగా ఉండాలి. పక్క ఊరికి వెళ్లి కొనుక్కునే చోట్ల వాడితే గడప లెక్కలు అర్థంలేనివవుతాయి.

ఉపాంత వ్యయం (ఇంకొక్క వస్తువు తయారీకి అయ్యే అదనపు ఖర్చు) మీద ధర ఎంత ఎక్కువుందో కొలిచే మార్కప్ ఇంకో ప్రత్యామ్నాయం. దీని మూలం 1934 నాటి లెర్నర్ సూచిక. ఉపాంత వ్యయం ఖాతా పుస్తకాల్లో కనబడదు కాబట్టి ఉత్పత్తి ఫలం (ముడిసరుకు, శ్రమలకూ ఉత్పత్తికీ మధ్య సంబంధం) నుంచి దాన్ని రాబట్టాలి. డి లోకర్, ఈక్‌హౌట్, ఉంగర్ 2020లో ఈ దారిలో వెళ్లి, అమెరికా నమోదిత సంస్థల సగటు మార్కప్ 1980లో ఉపాంత వ్యయంపై 21 శాతం ఉంటే తర్వాత 61 శాతానికి చేరిందని లెక్కగట్టారు. వివాదం వెంటనే ఒక పద్దు మీదకు వచ్చింది. అమ్మకాలు, నిర్వహణ ఖర్చులను చరవ్యయంలో కలిపితే ఆ పెరుగుదల బాగా కుంచించుకుపోతుంది. ఈ పద్ధతి ఎంచుకుంటే రెండు వర్గీకరణలతోనూ ఫలితాలు చూపించాలి, ఒకటి అనుబంధంలో దాచకుండా.

తీసేసి చూడటం: సంఘటనలు, ప్రయోగాలు

విలీనం, సంస్థ మూత, కొత్త సంస్థ ప్రవేశం ఇవన్నీ మార్కెట్లో ఒక పోటీదారుని తీసిపెట్టినట్టో చేర్చినట్టో పనిచేస్తాయి. ముందు–తర్వాత తేడాను, సంఘటన తగలని పోలిక వర్గంలోని తేడాతో సరిచూస్తాం. కనీసం కావాల్సినవి: సంఘటనకు ముందు ఎనిమిది పది కాలవ్యవధుల ధరలు, సమాంతరంగా నడిచిన పోలిక వర్గం, సంఘటన ప్రకటన తేదీ, అమలు తేదీ రెండూ. సంస్థలు ప్రకటన రోజునుంచే ధర మార్చడం మొదలుపెట్టవచ్చు కాబట్టి రెండు తేదీల మధ్య కాలాన్ని లెక్కలోంచి తీసి కూడా ఒకసారి నడపాలి.

పోలిక వర్గం దగ్గరే ఎక్కువ అధ్యయనాలు చెడతాయి. 2008లో మిల్లర్, కూర్స్ తమ అమెరికా బీరు వ్యాపారాలను కలిపేశాక ధరలు 6–8 శాతం పెరిగాయని మిల్లర్, వైన్‌బర్గ్ అనే ఆర్థికవేత్తలు 2017లో చూపించారు. ప్రత్యర్థి ఆన్‌హ్యూజర్ బుష్ కూడా తన ధరలు పెంచింది. ప్రత్యర్థినే పోలిక వర్గంగా పెట్టుకుని ఉంటే ప్రభావం దాదాపు కనబడేది కాదు. పోలికకు అదే మార్కెట్లోని ప్రత్యర్థి పనికిరాదు. ఖర్చులు ఒకేలా కదిలే, కానీ కొనేవాళ్లు మారిపోని వేరే చోటో, సరుకో వెతకాలి.

ఒక విలీనం అంటే ఒక్క సంఘటన, రెండు వందల దుకాణాల డేటా ఉన్నా సరే. దుకాణాలన్నిటినీ స్వతంత్ర పరిశీలనలుగా లెక్కిస్తే ప్రామాణిక దోషం కృత్రిమంగా చిన్నదవుతుంది. జీవావరణ శాస్త్రంలో 1984లో హర్ల్‌బర్ట్ ‘మిథ్యా పునరావృతి’ అని తిట్టిపోసిన తప్పు ఇదే. ఒకే చెరువులోంచి ఇరవై గిన్నెల నీళ్లు తీస్తే ఇరవై చెరువులు కావు. సంఘటన ఒక్కటే అయితే కృత్రిమ పోలిక వర్గం (సంఘటన తగలని చోట్లను తగిన పాళ్లలో కలిపి చేసింది) కట్టి, మిగిలిన చోట్ల బూటకపు తేదీలతో నడిపి, అసలు ఫలితం ఆ గుంపులో ఎక్కడ నిలుస్తుందో చూపడం మేలు. వేర్వేరు తేదీల్లో చాలా సంఘటనలుంటే పాత పద్ధతిలో స్థిర ప్రభావాల రిగ్రెషన్ ఒక్కటి నడిపి వదిలేయకండి. ముందే సంఘటన తగిలిన చోట్లు తర్వాత తగిలినవాటికి పోలికగా మారిపోయి ఫలితం ప్లస్ మైనస్ గుర్తు కూడా తారుమారయ్యే ప్రమాదం ఉంది.

పొలంలో, తీరంలో, అడవిలో పనిచేసేవాళ్లకు ఈ తీసివేత నేరుగా చేతిలో ఉంటుంది. 1961లో జోసెఫ్ కానెల్ స్కాట్లండ్ తీరంలో రాళ్లమీది బార్నకిల్స్‌తో (రాళ్లకు అతుక్కుని బతికే పెంకు జీవులు) చేసిన పని ఇప్పటికీ పాఠమే. పెద్దజాతిని గీకేసిన చోట చిన్నజాతి కింది భాగంలోనూ బతికింది. అంటే కింద దాన్ని ఆపుతున్నది పోటీ. చిన్నజాతిని తీసేసినా పెద్దది పైకి ఎక్కలేదు, ఎందుకంటే అక్కడ దాన్ని ఆపుతున్నది ఎండ. రెండు వైపులా తీసి చూడకపోతే ఈ అసమానత బయటపడేది కాదు. ఒక వైపే తీసి చూసిన అధ్యయనం సగం అధ్యయనమే.

కుండీలూ, గళ్లూ పెట్టుకుని మొక్కల పోటీ చూసేవాళ్లు మూడు రూపకల్పనల మధ్య ఎంచుకోవాలి. మొత్తం సాంద్రత స్థిరంగా ఉంచి నిష్పత్తి మాత్రమే మార్చేది (100:0, 75:25, 50:50, 25:75, 0:100) 1960లో డి విట్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. దీనికి కుండీలు తక్కువ పడతాయి. కానీ ఒక జాతి తగ్గినప్పుడే రెండోది పెరుగుతుంది కాబట్టి, సొంతజాతి ఒత్తిడి తగ్గినందువల్ల బాగుందా, పరజాతి మేలువల్లా అన్నది విడదీయలేం. ఫలితం ఎంచుకున్న మొత్తం సాంద్రతమీద కూడా ఆధారపడుతుంది. ప్రధాన మొక్క సంఖ్య స్థిరంగా ఉంచి పొరుగు సంఖ్యను 0 నుంచి పెంచేది కలుపు–పంట ప్రశ్నలకు సరిపోతుంది. అయితే అది సొంతజాతి పోటీని కొలవదు. సహజీవనం గురించి ఏమైనా చెప్పదలిస్తే మూడోదే దారి: రెండు జాతుల సాంద్రతలనూ స్వతంత్రంగా మార్చడం. ఐదు సాంద్రతలు × ఐదు సాంద్రతలు × నాలుగు పునరావృతులు అంటే 100 కుండీలు, వాటిలో రెండు జాతులూ సున్నా ఉన్న నాలుగు వదిలేయవచ్చు. అన్నీ పెంచలేమంటే అంచులనూ, ఒంటరి మొక్కలనూ ఉంచి మధ్యవి తగ్గించండి. పోటీ లేనప్పటి విత్తన దిగుబడిని తెలిపేవి ఒంటరి మొక్కలే, అవి లేకపోతే ఒక మొక్క ఇంకోదాన్ని ఎంత అణుస్తుందో చెప్పే మిగతా గుణకాలన్నీ ఊగిసలాడతాయి.

ఆ గుణకాలతో చేసే లెక్క చిన్నదే. సొంతజాతి ప్రభావాలు రెండూ 1, పరజాతి ప్రభావాలు 0.5, 0.8 అయితే నిచ్ అతివ్యాప్తి (రెండు జాతుల అవసరాలు ఎంత కలుస్తాయో చెప్పే కొలత) √(0.5 × 0.8 ÷ 1) ≈ 0.63. పీటర్ చెసన్ సిద్ధాంతం ప్రకారం రెండు జాతుల సామర్థ్య నిష్పత్తి 0.63కు, దాని విలోమమైన 1.58కి మధ్య ఉంటేనే రెండూ నిలుస్తాయి. గుణకాల్లోని అనిశ్చితిని ఈ అవధిదాకా మోసుకురావాలి. బిందువు అంచనాతో ‘సహజీవనం సాధ్యం’ అని రాసేయడం మామూలుగా జరిగే తప్పు. చిన్న కుండీలు వేళ్ల పోటీని ఎక్కువ చేసి చూపిస్తాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

పొలంలో తీసివేత చేసేటప్పుడు మూడు చోట్ల దెబ్బతింటుంది: తీసేయడంలో నేల కదిలిపోవడం (పోలిక గళ్లలో కూడా అంతే కదిలించాలి), పంజరం నీడ (పైకప్పు ఉండి పక్కలు తెరిచిన పంజరం ఒక పోలికగా పెట్టాలి), తీసిన జాతి మళ్లీ వచ్చి చేరడం. ఒక్కసారి తీసి వదిలేసే ప్రయోగం, ఎప్పటికప్పుడు తీస్తూ ఉండే ప్రయోగం కొలిచేది ఒకటి కాదు. మొదటిది నేరు ప్రభావాన్ని, రెండోది మూడోజాతి ద్వారా తిరిగొచ్చే పరోక్ష ప్రభావాలతో సహా మొత్తాన్ని కొలుస్తుంది. రెండు జాతులు ఒకే వనరు తినకపోయినా, ఒకటి పెరిగితే రెండింటినీ వేటాడి తినే జంతువు పెరిగి రెండోది తగ్గవచ్చు. రాబర్ట్ హోల్ట్ 1977లో దీన్ని ‘కనిపించే పోటీ’గా వివరించాడు. ఆ వేటాడే జంతువును బయట ఉంచిన గళ్లు లేకుండా వనరుల పోటీ అని తేల్చకండి.

తీసివేత సాధ్యంకాని చోట, దీవుల్లోని పక్షుల్లాంటివాటికి, ఏ జాతి ఎక్కడుందన్న పట్టికల్లో క్రమం వెతుకుతారు. 1975లో జారెడ్ డైమండ్ ‘ఈ జాతి ఉంటే ఆ జాతి ఉండదు’ అనే చదరంగపు గళ్లలాంటి క్రమాన్ని పోటీకి గుర్తుగా చూపాడు. 1979లో కానర్, సింబర్లాఫ్ యాదృచ్ఛికంగా పంచినా అలాంటి గళ్లు వస్తాయని ఎదురు నిలిచారు. యాదృచ్ఛికంగా పంచే విధానం ఎంపికతోనే ఫలితం మారుతుంది. ప్రతి జాతి ఎన్ని దీవుల్లో ఉందో, ప్రతి దీవిలో ఎన్ని జాతులున్నాయో రెండూ స్థిరంగా ఉంచే విధానం సురక్షితం. అప్పుడు కూడా ఆవాసం తేడాలు పోటీలా కనిపించగలవు. ఈ పద్ధతితో పోటీ ఉందని కాదు, పోటీకి విరుద్ధంగా లేదని మాత్రమే చెప్పగలం.

లెక్కించే ప్రమాణం మారితే జవాబే మారుతుంది

1983లో ఇద్దరు విడివిడిగా క్షేత్రప్రయోగాలన్నిటినీ సమీక్షించారు. థామస్ షోనర్‌కు 90 శాతం అధ్యయనాల్లో, 76 శాతం జాతుల్లో పోటీ కనిపించింది. కానెల్‌కు చాలా అధ్యయనాల్లో కనిపించినా, జాతుల్లో సగం పైచిలుకులోనే, ప్రయోగాల్లో దాదాపు ఐదింట రెండు వంతుల్లోనే కనిపించింది. ఎంచుకున్న పత్రాలు కొంత వేరే గానీ, తేడాలో పెద్ద భాగం దేన్ని ఒకటిగా లెక్కించాలన్న దగ్గరుంది. ఒక అధ్యయనంలో పది ప్రయోగాలు చేసి ఒక్కదానిలో పోటీ కనబడితే అధ్యయనం లెక్కలో నూటికి నూరు, ప్రయోగం లెక్కలో పది. మెటా విశ్లేషణ (చాలా అధ్యయనాల ఫలితాలను కలిపి చూడటం) చేయదలిస్తే ప్రమాణం ముందే రాసిపెట్టుకుని, ‘ఉంది–లేదు’ ఓట్లు లెక్కపెట్టడం మాని ప్రభావ పరిమాణం కొలవండి.

మోడల్, ప్రయోగశాల

జరగని విలీనం గురించి చెప్పాలంటే డిమాండ్ మోడల్ కట్టాలి. కొనేవాళ్ల ఎంపికను వర్ణించే అతి తేలిక మోడల్ సాదా లాజిట్ ఒక పూటలో అయిపోతుంది, కానీ ఒక సరుకు వదిలినవాళ్లు మిగతావాటికి వాటాల నిష్పత్తిలోనే వెళ్తారని అది బలవంతంగా అనుకుంటుంది. మొదటి ఉదాహరణలో కొనడమే మానేసేవాళ్లను పక్కనపెడితే, 20 శాతం సంస్థను వదిలినవాళ్లలో 15 శాతం సంస్థకు వెళ్లేది 15 ÷ 80, అంటే 18.75 శాతం. ఆ రెండూ అక్కచెల్లెళ్లలాంటి సరుకులైనా ఈ సంఖ్య మారదు. విలీన ప్రశ్నకు ఇది ప్రాణాంతక లోపం. అభిరుచుల తేడాలను అనుమతించే బెర్రీ–లెవిన్‌సన్–పేక్స్ పద్ధతి (1995) దీన్ని దాటుతుంది. ధరకు ఇన్‌స్ట్రుమెంట్లు (ధరను కదిపి, డిమాండ్‌ను నేరుగా కదపని చరాలు), సరుకుల లక్షణాలు, చాలా మార్కెట్లు, కొననివాళ్లెంతమందో ఒక అంచనా కావాలి. ఆ చివరి అంచనాను రెట్టింపు చేసి, సగం చేసి మళ్లీ నడపకపోతే ఫలితం నమ్మదగ్గది కాదు. లోపలి లూప్ ఎప్పుడు ఆగాలో చెప్పే హద్దును (టాలరెన్స్) వదులుగా పెడితే తప్పు అంచనాలొస్తాయి, 10 కి మైనస్ 14వ ఘాతం దాకా బిగించాలి. కనీసం పాతిక వేర్వేరు మొదలు విలువలతో నడపాలి. సొంత కోడ్ రాసుకోవాలన్న మోజు మానుకుని ఈ పద్ధతికే రాసిన పైథాన్ ప్యాకేజీ పైబీఎల్‌పీ వాడితే నెలలు మిగులుతాయి.

ప్రయోగశాల ఇంకో సందర్భానికి: డేటా ఎప్పటికీ దొరకని ప్రవర్తన, ముఖ్యంగా కుమ్మక్కు. హక్, నార్మన్, ఓక్స్‌లర్ 2004లో కూర్నో తరహా (సంస్థలు ధర కాక పరిమాణం ఎంచుకునే) ప్రయోగాల్లో చూసింది: ఇద్దరుంటే అప్పుడప్పుడు కుమ్మక్కవుతారు, నలుగురో అంతకన్నా ఎక్కువో ఉంటే గట్టి పోటీ. రూపకల్పనలో తేల్చాల్సింది అదే జట్టు చివరిదాకా ఉండాలా, ప్రతి రౌండుకూ మారాలా అన్నది. కుమ్మక్కు చూడాలంటే మారకూడదు. స్వతంత్ర పరిశీలన మనిషి కాదు, జట్టు. నలుగురి జట్లతో 96 మంది వస్తే చేతిలో ఉన్నవి 24 పరిశీలనలు. రెండు షరతులకు పంచితే 12 చొప్పున. నిధులు అడిగే ముందే ఈ భాగహారం చేసుకోవాలి.

చట్టం: దొరికినవి మాత్రమే కనిపిస్తాయి

తీర్పులను సంకేతీకరించి (చదివి, నిర్ణీత ప్రశ్నల ప్రకారం వర్గాలుగా గుర్తించి) లెక్కపెట్టే పని ఆకర్షణీయం, పైగా చవక. అయితే తీర్పుదాకా వచ్చే వివాదాలు మొత్తం వివాదాలకు ప్రతినిధులు కావు. ఫలితం స్పష్టంగా ఉన్నవి ముందే రాజీ పడిపోతాయని ప్రీస్ట్, క్లైన్ 1984లో సిద్ధాంతీకరించారు. గెలుపు శాతాన్ని బట్టి చట్టం కఠినమా మెతకా అని చెప్పడం అందుకే నిలవదు. కార్టెళ్లకైతే, అంటే రహస్యంగా కుమ్మక్కైన సంస్థల గుంపులకైతే, ఇంకా కష్టం. అమెరికా డేటాతో బ్రయాంట్, ఎకార్డ్ 1991లో ఒక కార్టెల్ ఏదైనా సంవత్సరంలో పట్టుబడే అవకాశం గరిష్ఠంగా 13–17 శాతమని లెక్కగట్టారు. అదికూడా చివరికి పట్టుబడినవాటి మీదే కట్టిన లెక్క. ‘కార్టెళ్ల సగటు ఆయుష్షు’ అని రాసేటప్పుడు ‘పట్టుబడిన’ అన్న మాట వదలకండి.

సంకేతీకరణకు ఇద్దరు కావాలి, కనీసం ఐదింట ఒక వంతు తీర్పులు ఇద్దరూ విడిగా చదవాలి. ఇద్దరి ఏకీభావాన్ని కొలిచే క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫా 0.8 దాటితే గట్టి, 0.667 దాకా తాత్కాలిక నిర్ణయాలకు సరి, దాని కింద ఉంటే ప్రశ్నావళి మార్చాలి. ఏ సంవత్సరం ఏ చట్టం నడిచిందో పట్టిక ముందే వేసుకోవాలి. భారత్‌నే తీసుకుంటే చట్టం 2002ది, కానీ ఒప్పందాలు, ఆధిపత్య దుర్వినియోగం మీది సెక్షన్లు 2009 మేలో, విలీనాల నియంత్రణ 2011 జూన్‌లో అమల్లోకి వచ్చాయి. చట్టం పేరులోని సంవత్సరాన్ని సంఘటన తేదీగా పెట్టుకుంటే అంచనా ఏళ్ల తరబడి జరిగిపోతుంది. అన్యాయపు పోటీ, అంటే గుర్తుల అనుకరణ, తప్పుడు ప్రకటనల కేసులు వేరే శాఖ. ‘పోటీ’ అన్న పదంతో డేటాబేసు వెతికితే రెండూ కలిసిపోయి వస్తాయి. చేత్తో వేరుచేయక తప్పదు. తీర్పులోని ‘సంబంధిత మార్కెట్’ ఆ కేసు వరకే గీసిన హద్దు, దాన్ని తెచ్చి అర్థశాస్త్ర డేటాలో అతికించకండి.

దేశాల మధ్య పోలికకు చట్టపాఠం ఆధారంగా కట్టిన సూచికలు వాడవచ్చు, అమలు కొలతతో జతచేస్తేనే: సిబ్బంది, బడ్జెట్, ఏటా తేల్చిన కేసులు.

ఏది ఎంచుకోవాలి

ఒక్క ఏడాదిలో సిద్ధాంత వ్యాసం పూర్తిచేయాల్సినవాళ్లకు, మార్కెట్ల వైపైతే ఒక మంచి సంఘటన దొరికితే దాన్ని పట్టుకోవడమే మా సలహా. సంఘటన లేకపోతే ప్రవేశ గడపల పద్ధతి, అదీ కుదరకపోతే ప్రయోగశాల. డిమాండ్ మోడల్‌కు రెండేళ్లకు తక్కువ పెట్టుకోకండి. జీవావరణం వైపు, జీవితచక్రం ఏడాదిలోపు ముగిసే జాతులుంటే సాంద్రతలు మార్చే కుండీ ప్రయోగం, పక్కన రెండు వైపులా చిన్న క్షేత్ర తీసివేత. దీర్ఘాయువు జాతులైతే పెరుగుదల రేటును కొలవాలి, బతుకూ చావూ తేలేలోగా ఫెలోషిప్ అయిపోతుంది. చట్టం వైపు, రెండు వందల తీర్పులను జాగ్రత్తగా సంకేతీకరించిన పని, రెండు వేల తీర్పులను యంత్రంతో చదివించి సరిచూడని పనికన్నా విలువైనది.

ఒక రంగం సమీకరణాన్ని ఇంకో రంగానికి తేవాలన్న ఉత్సాహం ఈ మధ్య ఎక్కువైంది. జాతుల పోటీని వర్ణించే లోట్కా–వోల్టెర్రా సమీకరణాలను సంస్థల వాటాల మీద బిగించడం తేలిక, అవి చక్కగా అతుక్కుంటాయి కూడా, పరామితులు ఎక్కువ కాబట్టి. అయితే ఆ గుణకాలు స్థిరాలని మోడల్ అనుకుంటుంది. పారమీసియం లాంటి ఏకకణ జీవి తన ప్రత్యర్థి రేపటి చర్యను ఊహించి ఇవాళ ధర తగ్గించదు, ప్రత్యర్థిని కొనేయదు. సంస్థలు రెండూ చేస్తాయి, అలా చేసిన మరుక్షణం గుణకం మారిపోతుంది. అలా తేవాలనుకుంటే సమీకరణాన్ని వదిలి ప్రయోగ రూపకల్పనను తెచ్చుకోండి: రెండు వైపులా తీసివేత, ఒంటరి పరిస్థితి కొలత, మూడోవాడి ద్వారా వచ్చే ప్రభావానికి ప్రత్యేక పోలిక వర్గం.